కాకితో మొదలై పాలపిట్టతో ముగిసే పండుగ

పెత్రమాస దగ్గర పడుతుంటే హైదరాబాద్ ఉప్పల్ చౌరస్తా చుట్టుపక్కల పూల మూటలు దిగుతాయి. వరంగల్ రోడ్డు మీది ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు గోనెపట్టాలు పరిచి గునుగు కట్టలు, తంగేడు మండలు కుప్పలు పోస్తారు. పక్కనే బంతి, చామంతి కిలోల లెక్కన అమ్ముతుంటారు. బంతి, చామంతి తోటలో నీళ్లు కట్టి పెంచినవి. గునుగు, తంగేడు ఎవరూ విత్తనివి, ఎవరూ నీళ్లు పోయనివి. అయినా బతుకమ్మలో పెద్దపీట వాటిదే. బంతి దొరక్కపోతే పండుగ ఆగదు. గునుగు, తంగేడు లేకుండా పేరిస్తే మాత్రం ఇంట్లో పెద్దవాళ్లకు మనసొప్పదు.

ఈ పండుగ రోజులను వరుసగా తలచుకుంటే ఒక క్రమం కనిపిస్తుంది. పెత్రమాస పొద్దున పెద్దల పేరు మీద కాకికి ముద్ద పెడతాం. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తుతాం. తొమ్మిదో నాడు సద్దుల బతుకమ్మను నీళ్లలో సాగనంపుతాం. దసరా నాడు ఊరి బయటికి వెళ్లి పాలపిట్టను చూసి, జమ్మి ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతాం. గోడ మీది కాకి, పొలం గట్టు పూలు, కరెంటు తీగ మీది పిట్ట: ఈ మూడింట్లో ఏదీ అరుదైనది కాదు, ఖరీదైనది అంతకన్నా కాదు. మన చుట్టూ ఉన్న మామూలు ప్రాణుల్లోనే దైవాన్ని చూసుకున్న సంప్రదాయం ఇది. ఇందులో భక్తి ఎంత ఉందో, ప్రకృతిని పట్టి చూసిన చూపు అంత ఉంది. ఆ చూపును కాపాడుకోకుండా పండుగను కాపాడుకోలేమన్నది ఈ వ్యాసం చెప్పదలచిన మాట.

ముద్ద ముట్టే కాకి

పెత్రమాస అంటే భాద్రపద మాసం చివర వచ్చే మహాలయ అమావాస్య. ఆ రోజు తెలంగాణ ఇళ్లలో పెద్దలకు బియ్యమిచ్చుకుంటారు. వండినదాంట్లో మొదటి ముద్ద విస్తరాకులో పెట్టి గోడ మీదో డాబా మీదో ఉంచుతారు. కాకి వచ్చి ముట్టేదాకా ఇంట్లో వాళ్లు ముద్ద ఎత్తరు. నాచారం, హెచ్ఎంటీ నగర్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఆ గోడ స్థానంలో టెర్రస్ మీది పిట్టగోడ ఉంది. పద్ధతి మారలేదు. కాకి ఆలస్యం చేస్తే పోయినవాళ్లకు ఏ కోరిక మిగిలిపోయిందోనని ఇంట్లో మాట్లాడుకుంటారు. "నీ మనుమరాలి పెండ్లి మేం చేస్తం, రా అత్తమ్మా" అని కాకితోనే చెప్పే కోడళ్లున్నారు.

పోయినవాళ్లకు కాకే ఎందుకు? మనిషికి అంత దగ్గరగా, అంత కాలంగా మసలుతున్న పక్షులు కొన్నే. ఊరు పట్నమైనా కాకి మనల్ని వదిలిపోలేదు. ఒంటరిగా తినకుండా తోటి కాకుల్ని పిలుస్తుంది. ఒక కాకి చనిపోతే చుట్టుపక్కల కాకులన్నీ గుమిగూడి అరుస్తాయి. మనిషి ముఖాన్ని కాకులు గుర్తుపెట్టుకుంటాయని అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ప్రయోగాలతో చూపించారు. తమను పట్టుకున్న ముఖాన్ని అవి ఏళ్లు గడిచినా మరువలేదు. బంధుత్వం, జ్ఞాపకం, బలగం కలిసి ఉన్న పక్షి గనకే పెద్దలను తలచుకునే రోజుకు అది తగింది.

ప్రపంచంలో ఇలా చూసినవాళ్లం మనం ఒక్కళ్లమే కాదు. ఐరోపా ఉత్తరాన, నేటి నార్వే, స్వీడన్, డెన్మార్క్, ఐస్‌లాండ్ ప్రాంతాల్లో క్రైస్తవం రాకముందు పూజలందుకున్న ఓడిన్ అనే దేవుడికి కాకి జాతిలోనివే అయిన రెండు పెద్ద నల్లపక్షులు వేగులు. ఒకదాని పేరు హుగిన్, అంటే ఆలోచన. రెండోది మునిన్, అంటే జ్ఞాపకం. అవి రోజూ లోకమంతా తిరిగి వచ్చి ఓడిన్ చెవిలో సంగతులు చెబుతాయి. ఆలోచన తిరిగి రాదేమోనన్న బెంగ కన్నా జ్ఞాపకం తిరిగి రాదేమోనన్న బెంగే ఓడిన్‌కు ఎక్కువని వాళ్ల పాత కావ్యం చెబుతుంది. పూల విషయంలోనూ అంతే. బాల్డర్ అనే మరో తేజోమూర్తి అయిన దేవుడి కనురెప్పల వెంట్రుకలను, దారుల పక్కన, సముద్రపు ఒడ్డున తనంతట తాను పూసే చామంతి జాతి తెల్లపువ్వుతో పోల్చారు. ఆ పువ్వును ఐస్‌లాండ్‌లో ఇప్పటికీ బాల్డర్ కనురెప్ప వెంట్రుక అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. మంచు దేశంలో కాకి జాతి పక్షి, దారి పక్కన పువ్వు. మన నల్లరేగడిలో కాకి, గట్టు మీది గునుగు. దూరాలు వేరైనా, దేవుణ్ని కంటి ఎదుట ఉన్నదాంట్లోనే వెతుక్కున్న మనుషులే ఇద్దరూ.

పేర్చడంలో ఉన్న విద్య

బతుకమ్మకు ముందే మన కళ్లకు ఒక పాఠం అవుతుంది. వినాయక చవితికి ఇరవై ఒక్క రకాల పత్రి కావాలి. గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త, వాకుడు, రేగు, జిల్లేడు, వావిలి, విష్ణుక్రాంత, జమ్మి, మద్ది: వీటిలో సగానికి పైగా కలుపు మొక్కలు, పొదలు, అడవి చెట్లు. అదే రోజు తెలంగాణలో తుమ్మి కూర వండుకుంటారు. వానకాలం సగమయ్యేసరికి చుట్టుపక్కల ఏ మొక్క ఎక్కడ మొలిచిందో పిల్లలకు తెలియాలన్నట్టుగా ఈ పండుగ ఏర్పడింది. పత్రి కోసం గట్లెంబడి తిరిగిన పిల్లలకే, కొన్ని వారాల తర్వాత గునుగు ఎక్కడ విరగబూసిందో తెలుస్తుంది.

గునుగు వానకాలంలో జొన్న, కంది, పత్తి చేలల్లో మొలిచే కలుపు. రైతుకు కలుపే గానీ లేత ఆకు కూరకు పనికొస్తుంది. పువ్వు ఒక కంకిలా ఉంటుంది. చేతిలోకి తీసుకుని చూడండి. కొనన మొగ్గలు గులాబీ రంగులో ఉంటాయి. కిందికి వస్తున్నకొద్దీ వెండిలా తెల్లబడుతుంది. పూత కింది నుంచి పైకి సాగుతుంది గనక, కొన ఇంకా విచ్చుకుంటూ ఉండగానే అడుగున విత్తనం ముదిరి ఉంటుంది. ఆ అడుగు భాగాన్ని అరచేతిలో నలిపితే ఆవగింజ కన్నా చిన్నవి, నల్లగా నిగనిగలాడే గింజలు రాలతాయి. రేకులు కాగితంలా పొడిగా ఉండడం వల్ల కోసిన మూడు నాలుగు రోజులకు కూడా రూపు చెడదు. బతుకమ్మ గోడలు గునుగుతో కట్టడానికి కారణం ఇదే.

తంగేడు స్వభావం వేరు. నీళ్లు నిలవని గరుగు నేలల్లో, బీళ్లలో, బాటల వెంట గుబురుగా పెరుగుతుంది. పశువులు పెద్దగా ముట్టవు. దీని బెరడుతో తరతరాలుగా తోళ్లు శుద్ధి చేశారు. పసుపు పచ్చని పువ్వు గునుగులా ఆగదు, తొందరగా వాడుతుంది. అందుకే మండలను నీళ్లు చిలకరించి తడిగుడ్డలో చుట్టి ఉంచి, పేర్చే ముందే తుంచుకుంటారు. పసుపు గౌరమ్మ రంగు. తంగేడు పువ్వులో గౌరి కొలువుంటుందన్నది ఇళ్లలో తరతరాల నమ్మకం. ఇంత ఎండలో, ఇంత రాతినేలలో, ఎవరి దయా లేకుండా పచ్చగా పూసే మొక్కలో ఆడపడుచులు తమ బతుకును చూసుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

ఇక పేర్చడం. ముందు తాంబాలంలో గానీ, వెదురు సిబ్బిలో గానీ గుమ్మడి ఆకులో టేకు ఆకులో పరుస్తారు. గునుగును పిడికెడు పిడికెడు చొప్పున కట్టలు కట్టి, కాడలను ఒకే కొలతకు కోస్తారు. తలలు బయటికి, కాడలు లోపలికి వచ్చేలా గుండ్రంగా మొదటి వరుస వేస్తారు. మధ్యలో మిగిలే ఖాళీని కోసేసిన కాడలు, తుంచిన ఆకులతో గట్టిగా నింపుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తప్పేది ఇక్కడే. నడుమ బోలుగా ఉంటే నాలుగో వరుసకల్లా బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. "పువ్వు కాదు బిడ్డా, ముందుగాల కడుపు నింపు. కడుపు గట్టిగుంటె పువ్వు దానంతటదే నిలవడుతది" అని పెద్దమ్మలు చెప్పే మాటలో కట్టడం విద్య అంతా ఉంది.

తెల్ల గునుగు మీద తంగేడు, దాని మీద బంతి, ఆపైన సీతమ్మ జడ, రుద్రాక్ష, కట్ల పూలు. ప్రతి వరుసా కింది వరుస కన్నా కొద్దిగా లోపలికి జరగాలి. అప్పుడే గోపురం ఆకారం వస్తుంది. శిఖరాన విచ్చిన గుమ్మడి పువ్వు, దాంట్లో తమలపాకు మీద పసుపు ముద్దతో చేసిన గౌరమ్మ. పెద్ద బతుకమ్మ పక్కన తోడుగా ఒక పిల్ల బతుకమ్మను పేరుస్తారు. ఒంటరిగా పంపకూడదన్నది ఆచారం. ఆట అయ్యాక గౌరమ్మను తీసి, ఆ పసుపును ముత్తయిదువలు పుస్తెలకు అద్దుకుంటారు. మలీద, సత్తుపిండి, పెరుగన్నం, పులిహోర పంచుకుని తింటారు.

తొమ్మిది రోజులకూ తొమ్మిది పేర్లు: ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, అలిగిన బతుకమ్మ, వేపకాయలు, వెన్నముద్దలు, సద్దులు. ఆరో రోజు అమ్మ అలిగిందని పేర్చరు, నైవేద్యం పెట్టరు. మొదటి రోజు ఎంగిలిపూలు ఎందుకంటే, పూలు ముందురోజే కోసి నీళ్లలో ఉంచుతారు గనక అని కొందరు, ఆ రోజు తిన్న తర్వాత పేరుస్తారు గనక అని కొందరు చెబుతారు. ఈ క్రమమంతా ఏ శాస్త్రగ్రంథంలోనూ చూసి చేసేది కాదు. పురోహితుడు లేడు, మంత్రం లేదు. చప్పట్లు, పాట, ఉయ్యాలో అనే పల్లవి, ఒకరి చేతిని చూసి ఇంకొకరు నేర్చుకోవడం. అంతే.

ఎగిరితేనే పాలపిట్ట

దసరా నాడు పాలపిట్టను చూస్తే జయమని నమ్మకం. లంక మీదికి బయలుదేరిన రాముడికి పాలపిట్ట ఎదురైందని, అజ్ఞాతవాసం ముగించుకుని జమ్మి మీది ఆయుధాలు దించుకున్న పాండవులకూ కనిపించిందని కథలు చెప్పుకుంటాం. ఉత్తర భారతంలో దాన్ని శివుడి రూపంగా మొక్కుతారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక 2014 నవంబరులో ప్రభుత్వం రాష్ట్ర చిహ్నాలను ప్రకటించినప్పుడు పాలపిట్ట పక్షిగా, తంగేడు పువ్వుగా, జమ్మి చెట్టుగా నిలిచాయి. ఈ పండుగ ముఖ్యులు ముగ్గురూ రాష్ట్ర చిహ్నాలయ్యారు. బతుకమ్మ అదే ఏడాది రాష్ట్ర పండుగ అయింది.

ఈ పిట్టను దగ్గరగా చూసినవాళ్లకు మన పెద్దల చూపు ఎంత పదునైందో అర్థమవుతుంది. కూర్చున్నప్పుడు పాలపిట్ట మట్టిరంగు పిట్టలా ఉంటుంది. రొమ్ము గోధుమరంగు, వీపు మసక ఆకుపచ్చ. తీగ మీదో మోడు మీదో గంటసేపు కదలకుండా కూర్చుని నేల వంక చూస్తుంది. కింద మిడత కదిలిందో, పురుగు పాకిందో, ఒక్కసారి రెక్కలు విప్పి దూకుతుంది. అప్పుడు ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఆకాశంలో మెరుస్తాయి. కూర్చున్న పిట్టలో లేని అందమంతా ఎగిరిన పిట్టలో ఉంది. దసరా నాటికి వానకాలం పైరు చేతికొచ్చే దశలో ఉంటుంది, చేలల్లో మిడతలు, పురుగులు నిండుగా ఉంటాయి. వాటిని తిని పంటను కాపాడే పిట్ట గెలుపుకు గుర్తయింది. జయం కోసం ఓపిగ్గా కాచుకుని అదను చూసి రెక్క విప్పాలన్న నీతి ఆ పిట్ట రోజూ చేసే పనిలోనే ఉంది.

అందుకే పంజరంలో పాలపిట్టను చూడడం దర్శనం కాదు. పట్నాల్లో దసరా నాడు రెక్కలు కత్తిరించి, కాళ్లు కట్టేసిన పాలపిట్టలను పంజరాల్లో తెచ్చి, పదో ఇరవయ్యో తీసుకుని చూపించేవాళ్లున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పక్షిని పట్టడం, బంధించడం నేరం. చట్టం సంగతి అటుంచినా, ఎగరలేని పాలపిట్టలో ఆ నీలం కనిపించదు. ఏ గుర్తు కోసం మనం వెతుకుతున్నామో ఆ గుర్తునే తుంచేసి చూపిస్తున్న పద్ధతికి డబ్బిచ్చే ప్రతి చేయీ ఆ పాపంలో భాగమవుతుంది. దేశవ్యాప్తంగా పక్షుల లెక్కలను క్రోడీకరించిన 2023 నివేదిక పాలపిట్టల సంఖ్య తగ్గుతోందని హెచ్చరించింది. మొక్కుకునే పిట్టను మన మొక్కే తగ్గించకూడదు.

పొలాలు పోయిన చోట

ఉప్పల్, నాచారం ఒకప్పుడు పొలాలు, చెరువులు, మూసీ ఒడ్డు తోటలున్న ఊళ్లు. నాచారం, ఉప్పల్ పారిశ్రామిక వాడలు వచ్చాయి. వాటి చుట్టూ కాలనీలు పెరిగాయి. 2007లో ఉప్పల్ మున్సిపాలిటీ జీహెచ్‌ఎంసీలో కలిసింది. 2017లో మెట్రో వచ్చింది. మూసీ పక్కన పశువులకు గడ్డి పెంచిన ఉప్పల్ భగాయత్ నేలలు ప్లాట్లయ్యాయి. వరంగల్, జనగామ, యాదాద్రి, నల్లగొండ దిక్కు నుంచి బతుకుదెరువుకు వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. ఆ కుటుంబాలే బతుకమ్మను ఇక్కడ నిలబెట్టాయి. పండుగకు ఊరెళ్లలేని ఆడపడుచులు గుడి ముందో, కాలనీ పార్కులోనో, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో ఆడతారు.

పండుగ నిలిచింది గానీ దాని కింది నేల జారిపోతోంది. గునుగు పూసే బీడు లేదు. పల్లెల్లోనూ కలుపు మందులతో చేలల్లో గునుగు తగ్గింది. అందుకే ఎప్పుడూ ఉచితంగా దొరికిన పువ్వుకు ఇప్పుడు కట్టకింత అని ధర పలుకుతోంది. మురుగు కలిసిన చెరువులో అమ్మను వదలాలంటే మనసు రాదు. అయినా దారి మూసుకుపోలేదు. రామంతాపూర్ దాటితే వచ్చే అంబర్‌పేటలో, పూడిపోయిన బతుకమ్మ కుంటను తవ్వి 2025లో మళ్లీ నీళ్లతో నింపారు. పోయిన చెరువును తిరిగి తెచ్చుకోవచ్చని మన పక్కనే రుజువైంది.

ఉత్తర ఐరోపా దేశాల కథ ఇక్కడ మనకో హెచ్చరిక. ఐస్‌లాండ్ క్రీస్తుశకం 1000 ప్రాంతంలో క్రైస్తవం స్వీకరించింది. పాత దేవతల కథలను స్నోరి స్టుర్లుసన్ అనే పండితుడు 1220 ప్రాంతంలో రాసిపెట్టాడు. ఆ పాత భక్తిని మళ్లీ ఆచరించాలని 1972లో అక్కడ ఒక సంఘం ఏర్పడింది, మరుసటి ఏడాది ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. ఈనాటి భక్తులు ఏ పక్షి దేనికి గుర్తో, ఏ పువ్వు ఎవరిదో పుస్తకాల్లోంచి, మొక్కల పాత పేర్లలోంచి ఏరుకుంటున్నారు. చేతి నుంచి చేతికి వచ్చే పద్ధతి మధ్యలో తెగిపోతే వెయ్యేళ్ల తర్వాత మిగిలేది అంతే. మనకు ఆ గతి పట్టలేదు. మన విద్య ఇంకా అత్త చేతిలో, అమ్మమ్మ చేతిలో ప్రాణంతో ఉంది. కానీ ఈ చేతి విద్య అంతా పుస్తకాల్లోకి ఎక్కలేదు. తెగితే ఏరుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

మన చేతిలో ఉన్న పని

బతుకమ్మను ఎంత ఎత్తు పేర్చామన్నది గొప్ప కాదు. థర్మోకోల్ దిమ్మె మీద ప్లాస్టిక్ పూలు గుచ్చితే ఎంత ఎత్తయినా పేర్చొచ్చు. అది నీళ్లలో కరగదు, మట్టిలో కలవదు, వచ్చే ఏడు మొలవదు. అసలు బతుకమ్మ ఆకూ పువ్వే గనక మళ్లీ మట్టి అవుతుంది. గునుగుకు రంగులు అద్దేవాళ్లు ఘాటైన రసాయనపు రంగులు మానాలి. తెల్ల గునుగే ముద్దుగా ఉంటుంది.

ఈసారి సద్దుల నాడు పిల్ల బతుకమ్మలోంచి నాలుగు ముదురు గునుగు కంకులు పక్కన పెట్టండి. ఎండబెట్టి, గింజ దులిపి, కాగితంలో దాచి, తొలకరికి కుండీలో చల్లండి. కాలనీ సంఘాల్లో ఉన్నవాళ్లు పార్కు గోడ వెంబడి ఒక చారెడు నేలను కలుపు తీయకుండా వదిలేయమని అడగండి. అక్కడ గునుగు మొలుస్తుంది, తుమ్మి మొలుస్తుంది, మిడతలు చేరతాయి, మిడతల కోసం పిట్టలు వస్తాయి. ఒక తంగేడు, ఒక జమ్మి నాటండి. దసరా పొద్దున పిల్లల్ని తీసుకుని ఘట్‌కేసర్ దాకా వెళ్లి కరెంటు తీగల వంక ఓపిగ్గా చూడండి. పంజరం చేతబట్టి వాకిట్లోకి వచ్చినవాడికి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇంట్లో పేర్చడం వచ్చిన పెద్దామె ఉంటే, ఆమె పక్కన ఇంటి ఆడపిల్లనూ, మగపిల్లవాణ్నీ కూర్చోబెట్టండి. కడుపు నింపడం ఎలాగో ముందు నేర్పమనండి. మిగతాదంతా పువ్వులే చూసుకుంటాయి.